మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాల ప్లాస్టిక్ మోడళ్లు: ఏ విమానంతో మొదలుపెట్టాలి, పై రెక్క ఎలా నిలబెట్టాలి?

కొత్తబ్లేడు:
అందరికీ నమస్కారం. ఒంటి రెక్క విమానాల కిట్లు చేయడం వచ్చు. ఇప్పుడు 1914-18 నాటి జంట రెక్కల విమానం చేయాలని ఉంది. సందేహాలు మూడు. ఏ విమానంతో మొదలుపెట్టాలి? స్కేల్ (అసలు విమానంలో ఎన్నో వంతు అన్నది) 1/72 మేలా, 1/48 మేలా? పై రెక్క వంకర పోకుండా, తీగలు వేలాడకుండా చేయడం ఎలా? నిప్పర్, కత్తి, కుంచెలు, ఆక్రిలిక్ రంగులు ఉన్నాయి. ఎయిర్‌బ్రష్ లేదు.

తీగలమేస్త్రి:
పెట్టె మీద బొమ్మ చూసి కాదండీ, తీగలు లెక్కపెట్టి విమానం ఎంచుకోండి. నా ఓటు ఫొక్కర్ డీ.7కి. దాని రెక్కల లోపలి దూలాలు మందంగా, పెట్టె ఆకారంలో ఉండేవి. బరువంతా అవే మోసేవి కాబట్టి రెక్కల మధ్య బిగింపు తీగలు లేవు. చక్రాల కాళ్ల మధ్య అడ్డతీగలు, కంట్రోల్ కేబుళ్లు వేస్తే చాలు. రెక్కల మధ్య స్ట్రట్లు, అంటే వాటిని కలిపి నిలబెట్టే కడ్డీలు, ఇంగ్లిష్ ఎన్ అక్షరం ఆకారంలో ఉంటాయి, కోణం దాదాపు దానంతట అదే కుదురుతుంది.

ఫొక్కర్ డీఆర్.1కి మూడు రెక్కలున్నా భయపడక్కర్లేదు. ఒక్కో పక్క పలకలాంటి స్ట్రట్టే మూడు రెక్కల్నీ కలుపుతుంది. కబేన్ దగ్గర (బాడీకీ పై రెక్కకీ మధ్య ఉండే స్ట్రట్ల దగ్గర), చక్రాల దగ్గర నాలుగు తీగలు వేస్తే పని అయిపోతుంది. రెండో మోడల్‌గా అల్బాట్రాస్ డీ.5 చేయండి. స్పాడ్ 13, సాప్‌విత్ కామెల్, ఎస్.ఈ.5ఏ ఆ తర్వాత. బీ.ఈ.2సీ లాంటివాటికి ఒక్కో పక్క రెండేసి వరసల స్ట్రట్లు ఉంటాయి, వాటిని ఇప్పట్లో ముట్టుకోకండి.

ఇంకో హెచ్చరిక. ఫొక్కర్ ఈ.3 ఒంటి రెక్కే కదా అని దానితో మొదలుపెట్టేవాళ్లు చాలామంది. అది ఐలరాన్లు (విమానాన్ని పక్కకు వాల్చేందుకు రెక్క వెనకంచున కదిలే పలకలు) లేని విమానం, రెక్కనే మెలితిప్పి నడిపేవారు. అందుకని పైన ఉన్న కొయ్య నుంచీ, కింద కాళ్ల దగ్గర నుంచీ రెక్కకు వరసగా తీగలుంటాయి. డీ.7 కంటే అదే కష్టం.

స్కేల్72:
కొలత సంగతి నేను చెప్తాను. డీఆర్.1 అసలు రెక్క 7.19 మీటర్లు. 1/72లో అది 10 సెంటీమీటర్లు, 1/48లో 15, 1/32లో 22.5. చిన్న స్కేల్ అయితే రెక్కకు రంగు వేయడం త్వరగా అవుతుంది, కుంచె గీతలూ తక్కువ కనిపిస్తాయి. ఎయిర్‌బ్రష్ లేనివాళ్లకు 1/72 అనుకూలమే అంటాను.

తీగలమేస్త్రి:
రంగు వరకు ఒప్పుకుంటానండీ. స్ట్రట్ల దగ్గరే నాకు అభ్యంతరం. 1/72లో చాలా స్ట్రట్లు మిల్లీమీటరు మందం కూడా ఉండవు. కోసేటప్పుడే విరుగుతాయి. రెక్కలో వాటి గుంటలు మరీ లోతు తక్కువ, అతుకు నిలవదు. తీగ సంగతి చూడండి. అసలు కేబుల్ 4, 5 మిల్లీమీటర్ల మందం అనుకుంటే 1/48లో 0.1 మి.మీ. రావాలి, 1/72లో 0.06. అంత సన్న దారాన్ని మొదటి మోడల్‌కే పట్టుకోమనడం భావ్యం కాదు. కొత్తవాళ్లకు 1/48 అనే నా మాట.

మూడురెక్కలు:
ఏ స్కేలైనా స్ట్రట్లు కోసే పద్ధతి ఇది. ముక్కను చట్రం (కిట్ ముక్కలు కాడలతో అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేము) నుంచి నేరుగా కోయకండి. ముందు దాని చుట్టూ ఉన్న చట్రాన్ని దూరంగా రెండు మూడు చోట్ల కత్తిరించి ఒత్తిడి వదిలించండి. తర్వాత కాడను ముక్కకు 2 మి.మీ. దూరంలో కోయండి. మిగిలిన మొలకను 400 నంబరు ఉప్పు కాగితంతో, ఆపైన 600తో అరగదీయండి. ముక్కకు ఆనించి నిప్పర్‌తో నొక్కితే ప్లాస్టిక్ తెల్లబడుతుంది, లేదా స్ట్రట్ మధ్యకు చిట్లుతుంది. నిప్పర్ రెండు వైపుల నుంచీ పిండి కోస్తుంది, సన్న ముక్క ఆ ఒత్తిడికి ఆగదు. మరీ సన్నవాటికి పళ్లు సన్నగా ఉన్న రంపపు బ్లేడే వాడండి.

స్ట్రట్లను కోసిన వెంటనే అంటుకునే టేపు మీద వరసగా పెట్టి ముందు, వెనక, ఎడమ, కుడి అని రాసుకోండి. చాలా కిట్లలో ముందు స్ట్రట్‌కూ వెనక స్ట్రట్‌కూ ఒక మిల్లీమీటరు తేడానే ఉంటుంది. కంటికి దొరకదు, పై రెక్క పెట్టాకే బయటపడుతుంది.

కోసే ముందు చట్రాలను గోరువెచ్చని నీళ్లలో గిన్నెల సబ్బుతో కడిగి ఆరబెట్టండి. అచ్చు నుంచి వచ్చిన జిడ్డు మీద ఆక్రిలిక్ నిలవదు.

జిగుళ్లు: పచ్చి ప్లాస్టిక్ అతుకులకు తమియా ఎక్స్‌ట్రా థిన్ లాంటి పల్చటి సిమెంట్. గాలి అద్దానికి తెల్ల జిగురు. సూపర్ గ్లూ అద్దం దరిదాపులకు కూడా రానివ్వకండి, దాని ఆవిరికి అద్దం మీద తెల్లటి పొగ కడుతుంది. కిటికీ తెరిచి పని చేయండి.

కొత్తబ్లేడు:
మరి పని వరస? ముందు అంతా అతికించి రంగు వేయాలా, రంగు వేసి అతికించాలా?

తీగలమేస్త్రి:
జంట రెక్కలకు ఆ వరసే ప్రాణం, కొంచెం పొడుగ్గా రాస్తాను.

కాక్‌పిట్‌కు రంగు వేసి బాడీ రెండు సగాలూ అతికించండి. అతుకు గీత అరగదీయండి. కింది రెక్క, తోక అతికించండి. పై రెక్కను అతికించవద్దు, విడిగానే ఉంచండి. ఇప్పుడు తీగల రంధ్రాలు, ఆ తర్వాత ప్రైమర్ (రంగు కింద వేసే తొలి పూత), రంగు, డెకాల్స్ (నీళ్లలో ఉంచి అంటించే అచ్చు బొమ్మలు), వార్నిష్. అన్నీ అయ్యాక స్ట్రట్లు, పై రెక్క, ఆపైన తీగలు. ప్రొపెల్లర్, తుపాకులు, గాలి అద్దం చిట్టచివర. పై రెక్క ముందే పెట్టేస్తే కాక్‌పిట్ పక్కలకూ రెక్క అడుగుకూ కుంచె దూరదు.

రంధ్రాలు రంగుకు ముందే. పిన్ వైస్‌లో (వేళ్లతో తిప్పే చిన్న డ్రిల్లులో) 0.3 మి.మీ. బిట్ పెట్టండి. ఒట్టి ప్లాస్టిక్ మీద బిట్ జారిపోతుంది, అందుకని ముందు సూదితో చిన్న గుంట చేయండి. పై రెక్క అడుగున రంధ్రం మందంలో సగం దాకానే. బిట్‌కు టేపు ముక్క చుట్టి ఆ లోతు గుర్తు పెట్టుకోండి, లేకపోతే పైకి పొడుచుకొస్తుంది. తీగ వచ్చే దిశకే బిట్ వాల్చండి. నిటారుగా తొలిస్తే తీగ అంచు దగ్గర మడత పడుతుంది, చూడగానే తెలిసిపోతుంది. ప్రైమర్ వేశాక ఒకసారి, వార్నిష్ తర్వాత ఒకసారి సూదితో రంధ్రాలు తెరవండి.

ఇక పై రెక్క.

స్ట్రట్ గుంటల్లో రంగును కత్తి మొనతో గీకండి. సిమెంట్ ప్లాస్టిక్‌ను కరిగించి అతికిస్తుంది, రంగు మీద వేస్తే రంగునే పట్టుకుంటుంది. తర్వాత జిగురు లేకుండా మొత్తం ఒకసారి నిలబెట్టి చూడండి.

మొదట కబేన్ స్ట్రట్లు, అంటే బాడీని పై రెక్కతో కలిపేవి. వాటి కింది కొసలకే జిగురు. పై రెక్కను జిగురు లేకుండా వాటి మీద ఆనించండి, కోణం అదే సరిచేస్తుంది. అలా ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు రెక్క తీసి, రెక్కల మధ్య స్ట్రట్లను కింది రెక్కకు 5 నిమిషాల ఎపాక్సీతో నిలబెట్టండి. ఇక్కడ సూపర్ గ్లూ వద్దు, సరిచేసుకునే వ్యవధి ఇవ్వదు. ఎపాక్సీ మెత్తగా ఉండగానే పై రెక్క గుంటల్లోనూ చుక్క పెట్టి దించండి. బాడీని ఫోమ్ బోర్డు గాడిలో నిలబెట్టి, రెక్క కొసల కింద రెండు పక్కలా ఒకే ఎత్తు దిమ్మలు పెట్టండి. పిల్లల ప్లాస్టిక్ ఇటుకలైతే ఎత్తు కచ్చితంగా సరిపోతుంది.

ఎపాక్సీ బిగిసేలోపు మూడు వైపుల నుంచి చూడండి. ఎదురుగా చూస్తే రెండు రెక్కల కొసల మధ్య ఎత్తు ఇరుపక్కలా ఒకటే ఉండాలి. పక్క నుంచి చూస్తే పై రెక్క కింది దానికంటే ఎంత ముందుకు జరిగిందో డ్రాయింగ్‌తో సరిపోవాలి. పై నుంచి చూసేటప్పుడు కన్ను మోసపోతుంది, దారంతో కొలవండి: ఎడమ రెక్క కొస నుంచి తోక చివరకు ఎంతో, కుడి కొస నుంచీ అంతే రావాలి. 1/48లో అర మిల్లీమీటరు తేడా వరకు పరవాలేదు. ఒక మిల్లీమీటరు దాటితే స్ట్రట్లు వాలినట్టు కనిపిస్తాయి.

స్కేల్72:
దీనికి ఒక మాట కలుపుతాను. కామెల్‌కు పై రెక్క బల్లపరుపు, కింది రెక్క 5 డిగ్రీలు పైకి లేచి ఉంటుంది. తయారీ సులువు కావాలని పై రెక్కను తిన్నగా ఉంచి, ఆ లోటు కింది రెక్కతో భర్తీ చేశారు. కాబట్టి కామెల్‌కు దిమ్మలు అక్కర్లేదు. పై రెక్కను బల్ల మీద బోర్లా పెట్టి టేపుతో కదలకుండా చేసి, విమానాన్ని తలకిందులుగా దాని మీద దించండి. రెక్క వంగే అవకాశమే లేదు.

కొత్తబ్లేడు:
తీగలకు ఏ దారం? సాగే దారం అంటున్నారు కొందరు, గాలపు నైలాన్ అంటున్నారు కొందరు.

తీగలమేస్త్రి:
మొదటి మోడల్‌కు సాగే దారమే. ఈజీ లైన్ పేరుతో వస్తుంది, వేరే పేర్లతోనూ ఉంది. రెండు రంధ్రాల మధ్య దూరం కొలిచి దానికంటే పదో వంతు తక్కువ కోయండి. ఒక కొసకు సూపర్ గ్లూ తాకించి రంధ్రంలో పెట్టండి. అది పట్టాక రెండో కొసను పట్టకారుతో లాగి రెండో రంధ్రంలో ఆనించి పట్టుకోండి. జిగురును సీసా నుంచి నేరుగా వేయకండి. రేకు ముక్క మీద చుక్క వేసి సూది మొనతో అందుకోండి. దారం మీద గుండు కడితే జిగురు ఎక్కువైందని అర్థం. మరీ లాగినా చెడే: దారం సన్నబడి పక్క దానితో తేడా కనిపిస్తుంది, కొస ఊడుతుంది. దీనితో ఉన్న మేలు ఏమిటంటే రెక్కను లాగదు, పొరపాటున వేలు తగిలినా తెగకుండా వెనక్కి వస్తుంది.

నైలాన్ 0.08 నుంచి 0.1 మి.మీ. దాకా. ఇది అసలు తీగలాగే బిగుతుగా నిలుస్తుంది, మోడల్‌కు బలం కూడా ఇస్తుంది. కానీ పని రెండింతలు. పై కొసను పై రెక్క రంధ్రంలో రెక్క అతికించకముందే బిగించాలి. కింది రెక్కలో రంధ్రం ఆర్‌పార్ ఉండాలి. పై రెక్క పూర్తిగా గట్టిపడ్డాక దారాన్ని కింది రంధ్రంలోంచి దూర్చి, కొసకు బట్టల క్లిప్పు వేలాడదీసి జిగురు చుక్క వేయాలి. మర్నాడు మిగులు కోసి, పుట్టీ పెట్టి, అడుగున రంగు దిద్దాలి. ఒక పక్క తీగలన్నీ పూర్తి చేసి రెండో పక్కకు వెళ్తే రెక్క ఆ పక్కకు లాగబడుతుంది. ఎడమ ఒకటి, కుడి ఒకటి చొప్పున వేయండి.

ఏది వాడినా లోపలి నుంచి బయటికి రండి. కబేన్ మధ్య అడ్డతీగలు, తర్వాత ముందు వెనక స్ట్రట్ల మధ్యవి, ఆపైన పైనుంచి కిందికి దిగే ల్యాండింగ్ తీగలు, బాడీ అడుగు నుంచి పై రెక్కకు ఎక్కే ఫ్లయింగ్ తీగలు. కంట్రోల్ కేబుళ్లు ఆఖరున. గాల్లో రెక్కను పైకి ఎగరకుండా పట్టేవి ఫ్లయింగ్ తీగలే కాబట్టి కామెల్‌లో అవి జంటగా ఉంటాయి, ల్యాండింగ్ తీగలు ఒంటివి. ఈ తేడా చూపిస్తే తెలిసినవాళ్ల కన్ను అక్కడ ఆగుతుంది.

మూడురెక్కలు:
ఎస్.ఈ.5ఏ చేసే రోజు వస్తే ఇంకో విషయం గుర్తుంచుకోండి. ఆ విమానం రెక్కల మధ్య తీగలు గుండ్రటి కేబుళ్లు కావు, గాలిని కోసేలా చదునుగా చేసిన ఉక్కు తీగలు. రాఫ్ వైర్లు అంటారు. జర్మన్, ఫ్రెంచ్ విమానాలకు మామూలు కేబుల్, కొసల్లో బిగించే టర్న్‌బకిల్స్. అదే ఎస్.ఈ.5ఏలో కంట్రోల్ కేబుళ్లు మాత్రం గుండ్రటివే. చదును తీగలకు సన్నటి లోహపు పట్టీని డివైడర్‌తో కొలిచి కోసి, రెండు కొసలా తెల్ల జిగురు పెట్టి అమర్చడం మేలు. దారం అక్కడ నప్పదు.

ఉప్పుకాగితం:
రంగుల మాట ఎవరూ ఎత్తలేదు. అవి గుడ్డ కప్పిన విమానాలు, రంగు తప్పితే ఎంత చక్కగా అతికించినా బొమ్మలాగే ఉంటుంది.

ముందు రెక్క ఉపరితలం చూడండి. పాత కిట్లలో పక్కటెముకల (రెక్కకు ఆకారమిచ్చే లోపలి అడ్డ పట్టీల) మధ్య గుడ్డ గోతులు పడ్డట్టు దిగిపోయి ఉంటుంది. అసలు విమానంలో డోప్ (గుడ్డను బిగించే వార్నిష్) పూసిన నార గుడ్డ బిగుసుకుని దాదాపు చదునుగా ఉండేది. పక్కటెముకలు కొద్దిగా ఉబ్బి కనిపించేవి, అంతే. 600 కాగితంతో తడిపి రుద్ది ఆ ఎత్తుపల్లాలు తగ్గించండి. రెండో పొరపాటు, పక్కటెముకల వెంబడి నల్లటి వాష్ (నీళ్లలా పల్చటి రంగు) వేయడం. ఎముక అంటే మెరక, కాలువ కాదు. నీడ కావాలంటే దాని పక్కన, అదీ బాగా పల్చటి గోధుమ రంగుతోనే.

రంగు వేయని నార గుడ్డ తెల్లగా ఉండదు. మీగడ రంగులో కొంచెం పసుపు కలిసినట్టు ఉంటుంది. కుంచెతో అయితే రంగు పల్చగా కలిపి మూడు పూతలు, ఒక్కోటి పూర్తిగా ఆరాకే తర్వాతిది. పూతలన్నీ రెక్క ముందంచు నుంచి వెనకంచుకు లాగండి, మిగిలిన గీతలు పక్కటెముకల దిశలో కలిసిపోతాయి.

కుంచె పనివాళ్లకు డీఆర్.1 వరమే. ఫ్యాక్టరీలోనే నార గుడ్డ మీద ఆలివ్ రంగును వెడల్పు కుంచెతో చారలు చారలుగా కొట్టేవారు, అడుగు భాగమంతా లేత నీలం. మీగడ రంగు ఆరాక చదును కుంచెను ఆలివ్‌లో ముంచి, కాగితం మీద ముప్పావు వంతు తుడిచి లాగండి. అక్కడక్కడా కింది రంగు కనిపించాలి. కుంచె గీత కనబడితే తప్పు కాని విమానం ఇదొక్కటే అనుకోవచ్చు.

కొత్తబ్లేడు:
డీ.7 రెక్కల మీద ఆ రంగురంగుల పలకల గుడ్డ ఉంటుంది కదా, అది కుంచెతో వేయాలా?

ఉప్పుకాగితం:
వద్దు, డెకాల్స్ వాడండి. దాన్ని లోజెంజ్ గుడ్డ అంటారు. నాలుగు రంగులది, అయిదు రంగులది అని రెండు రకాలు ఉన్నాయి. రంగులు గుడ్డ మీద అచ్చయ్యే వచ్చేవి. రెక్క పైభాగానికి ముదురు గుడ్డ, అడుగుకు లేతది. కిట్‌లో రెండు షీట్లూ ఉంటాయి, తారుమారు చేయకండి.

డెకాల్ కింద నిగనిగలాడే (గ్లాసీ) వార్నిష్ తప్పనిసరి. మ్యాట్ (మెరవని) రంగు గరుకుగా ఉంటుంది, ఆ గరుకు మధ్య గాలి చిక్కుకుని డెకాల్ అడుగున వెండిలా మెరుస్తుంది. అలా వచ్చాక సూదితో గుచ్చి సాఫ్టనర్ (డెకాల్‌ను మెత్తబరిచే ద్రవం) వేస్తే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. పట్టీలు రెక్క కంటే 1 మి.మీ. పెద్దవిగా కోసి, గోరువెచ్చని నీళ్లలో ఇరవై ముప్పై సెకన్లు ఉంచండి. మొదట అడుగు భాగం పూర్తి చేసి పై భాగానికి రండి. సాఫ్టనర్ వేశాక డెకాల్ ముడతలు పడుతుంది, కంగారుపడి వేలు పెట్టకండి. ఆరేకొద్దీ అదే సర్దుకుంటుంది. మీ సాఫ్టనర్ ఆ షీటుకు ఎక్కువ ఘాటేమో ముందు పనికిరాని ముక్క మీద చూసుకోండి. పక్కటెముకల టేపుల డెకాల్స్ మర్నాడే.

గుర్తుల విషయంలో: ఫ్రెంచ్ వృత్తానికి నీలం మధ్యలో, ఎరుపు బయట. బ్రిటిష్‌ది సరిగ్గా తలకిందులు. జర్మన్ సిలువ 1918 మార్చి, ఏప్రిల్ నెలల్లో వంపుల నుంచి నిటారు గీతలకు మారింది. అప్పటికే ఎగురుతున్న డీఆర్.1ల మీద పాత సిలువనే దిద్ది కొత్తది చేశారు. మీరు ఎంచుకున్న నెలకు తగ్గ సిలువ పెట్టండి.

రోటరీ9:
ఇంజిన్ గురించి చిన్న మాట. డీఆర్.1, కామెల్, నియూపోర్ 17 వీటిలో ఉన్నవి రోటరీ ఇంజిన్లు. సిలిండర్లతో సహా ఇంజిన్ మొత్తం ప్రొపెల్లర్‌తో కలిసి తిరుగుతుంది. ప్రొపెల్లర్ ఒక్కటే తిరిగేలా అమర్చితే తప్పు. రెండూ కలిపి అతికించండి. డీ.7, అల్బాట్రాస్, స్పాడ్ 13, ఎస్.ఈ.5ఏ ఇంజిన్లు కదలనివి.

సిలిండర్లకు నలుపు వేసి, ఆరాక ఉక్కు రంగును దాదాపు ఎండిన కుంచెతో సిలిండర్ల చుట్టూ ఉండే సన్నటి ఫిన్‌ల అంచులకు రుద్దండి. మరకలు వేసేటప్పుడు ఒకటి గమనించండి. ఈ ఇంజిన్లలో వేసిన ఆముదం మళ్లీ తిరిగి రాదు, కాలినదీ కాలనిదీ బయటికే చిమ్ముతుంది. అందుకని మరక పొగలాంటి నలుపు కాదు, పల్చటి గోధుమ రంగులో నిగనిగలాడుతూ కౌలింగ్ (ఇంజిన్ చుట్టూ ఉండే రేకు కప్పు) వెనక నుంచి బాడీ అడుగుకు పాకుతుంది. మొత్తం మ్యాట్ వార్నిష్ వేశాక ఆ చోట మాత్రం గ్లాసీ వార్నిష్ కలిపిన గోధుమ రంగు పూయండి. అంతకు మించి ఎక్కడా వద్దు.

మూడురెక్కలు:
చెక్క రంగు అడుగుతారని ముందే రాస్తున్నా. అల్బాట్రాస్ బాడీ, ప్రొపెల్లర్లు అన్నింటికీ ఇదే. లేత ఇసుక రంగు ఆక్రిలిక్ వేసి పూర్తిగా ఆరనివ్వండి. దాని మీద బర్న్ట్ అంబర్ ఆయిల్ రంగు పల్చగా పూసి, పది నిమిషాలాగి, పొడి చదును కుంచెతో ఒకే దిశలో లాగండి. గీతలే చెక్క నారలు అవుతాయి. ఆరడానికి రెండు మూడు రోజులు పడుతుంది, తొందరపడి వార్నిష్ వేస్తే కలిసి మురికైపోతుంది. ఆరాక పారదర్శకమైన నారింజ రంగు ఒక పూత. అల్బాట్రాస్ బాడీ ప్లైవుడ్ పలకలు కాబట్టి పలక పలకకూ టేపు అంటించి, ఒక్కోదానికి ఛాయ కొద్దిగా మార్చండి.

కొత్తబ్లేడు:
చాలా థాంక్స్ అండీ. 1/48 డీ.7 ఖాయం. ఒక్కటే మిగిలింది. దారం కొన్నాళ్లకు వదులైతే ఏం చేయాలి?

తీగలమేస్త్రి:
నైలాన్ అయితే అగరొత్తి నిప్పును సెంటీమీటరు దూరంలో దారం పొడుగునా కదిలించండి, ముడుచుకుని బిగుసుకుంటుంది. ఒకే చోట ఆపితే తెగుతుంది. సాగే దారానికి మాత్రం వేడి చూపించకండి, కాలిపోతుంది. అది వదులైందంటే ఒక కొస జిగురు వదిలిందని అర్థం. కొసను కోసి, రంధ్రంలో పాత జిగురును 0.3 బిట్‌తో తొలిచి, కొత్త దారం వేయండి. డీ.7లో మీకు ఆ పని పడేది చక్రాల కాళ్ల దగ్గరే, కాబట్టి ఆ రెండు అడ్డతీగలనూ కలిసే చోట జిగురు పెట్టకుండా ఒకదాని వెనక ఒకటి వదిలేయండి. విడివిడిగా మార్చుకోవచ్చు.